పురుగు నేర్చుకోలేదు: మన బయాలజీ టీచర్లకు బహిరంగ లేఖ

శ్రీకాకుళం, విజయనగరం, పార్వతీపురం మన్యం జిల్లాల హైస్కూళ్లలో బయాలజీ చెప్తున్న తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ,

నమస్కారం. నేను 1989లో ఉద్యోగంలో చేరి 2025లో రిటైరైన బయాలజీ మాస్టారిని. మీలో కొందరు నా దగ్గర చదువుకున్నవాళ్లే. ఇంకొందరు కాంప్లెక్స్ మీటింగుల్లో నా పక్కన కూర్చుని గడియారం చూసుకున్నవాళ్లు. ఆ చనువుతోనే రాస్తున్నాను. కాస్త పొడుగైతే ఓపిక పట్టండి, రిటైరైన మాస్టారికి గంట కొట్టేవాళ్లు ఉండరు.

2024-25లో పదో తరగతికి ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలు వచ్చాయి కదా. ఆ ఏడాది మొదటి మీటింగులో ఒక కుర్ర మాస్టారు పుస్తకం తిరగేసి, "హమ్మయ్య, అనువంశికత ఉంచి పరిణామం తీసేశారు. డార్విన్ గోల వదిలింది" అన్నాడు. అందరం నవ్వాం. నేనూ నవ్వాను. సాయంత్రం బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాక ఆ నవ్వు నాకే మింగుడుపడలేదు.

ఆ కోత సంగతి మీకు తెలిసిందే. కోవిడ్ తర్వాత పిల్లల మీద భారం తగ్గిస్తామని 2022లో ఎన్‌సీఈఆర్‌టీ పాఠాలు కుదించింది. పదో తరగతిలో "అనువంశికత, పరిణామం" అన్న పాఠం, అంటే లక్షణాలు తల్లిదండ్రుల నుంచి పిల్లలకి ఎలా దిగుతాయి, తరాలు గడిచేకొద్దీ జీవజాతులు ఎలా మారతాయి అన్నది, ఒట్టి "అనువంశికత" అయింది. 2023లో 1800 మందికి పైగా శాస్త్రవేత్తలు, ఉపాధ్యాయులు సంతకాలు పెట్టి, ఆ భాగం మళ్లీ పెట్టమని అడిగారు. పన్నెండో తరగతిలో ఉంది కదా అన్నది జవాబు. ఉంది, బైపీసీ తీసుకున్నవాళ్లకి ఉంది. మీ పదో తరగతి హాజరు పట్టీ తీసి, ఎవరెవరు బైపీసీకి వెళ్తారో పెన్సిల్‌తో టిక్కు పెట్టుకుంటూ రండి. ఎంపీసీ, పాలిటెక్నిక్, ఐటీఐ, విశాఖలో ఏదో కంపెనీ పని, పెళ్లి. నా చివరి బ్యాచ్‌లో టిక్కులు పడినవాళ్లని ఒక ఆటోలో ఎక్కించేయొచ్చు, షేర్ ఆటో కూడా అక్కర్లేదు.

ఢిల్లీకి రాయాల్సినవాళ్లు రాశారు. నేను మీకు రాస్తున్నాను, ఎందుకంటే సుద్దముక్క ఉన్నది మీ చేతిలో. నేను అడిగేది రెండు పీరియడ్లు. అనువంశికత పాఠం అయిపోయిన మర్నాడు ఒకటి, ఆ తర్వాత ఎప్పుడైనా పొలం గట్టు మీద ఒకటి. ఎందుకు అడుగుతున్నానో చెప్పాలంటే ముందు నా తప్పు చెప్పుకోవాలి.

సీతంపేట ఇంకా శ్రీకాకుళం జిల్లాలోనే ఉన్న రోజుల్లో, అటువైపు ఒక హైస్కూల్లో కొన్నాళ్లు పనిచేశాను. అప్పటి మన స్టేట్ పుస్తకంలో పరిణామం ఉంది. నేనే దాన్ని గబగబా దాటేసేవాణ్ణి. జనవరి వచ్చేసరికి రివిజన్లు, స్లిప్ టెస్టులు, బిట్లు. లామార్క్ ఒక బిట్టు, డార్విన్ ఒక బిట్టు, అంతే. ఉన్నప్పుడు దాటేసినవాడివి, ఇప్పుడు తీసేస్తే ఏడుస్తున్నావా అని మీరు అనొచ్చు. అనండి, పడతాను.

ఒకరోజు బోర్డు మీద నాలుగు గళ్ల పట్టిక గీసి సికిల్ సెల్ అనే రక్తపు జబ్బు లెక్క చెప్తున్నాను. అమ్మా నాన్నా ఇద్దరూ క్యారియర్లయితే, అంటే ఒక మంచి జన్యువూ ఒక మారిన జన్యువూ ఉన్నవాళ్లయితే, పుట్టే ప్రతి బిడ్డకీ జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒకటి, క్యారియర్ అయ్యే అవకాశం సగం, ఏమీ లేకుండా పుట్టే అవకాశం నాలుగింట ఒకటి. పిల్లలు రాసుకున్నారు. రెండో వరసలో కూర్చున్న ఒక సవర పాప రాసుకోలేదు. లేచి నిలబడి అడిగింది.

"మాస్టారూ, మా తమ్ముడికి ఇదే ఉన్నాది. కీళ్లు నొప్పులని రాత్రంతా ఏడుస్తాడు. ఈ జబ్బు మా కొండోళ్లకే ఎందుకున్నాది? పల్లపోళ్లకి నేదేటి?"

నా దగ్గర పట్టిక ఉంది, జవాబు లేదు. తెలీదు అనడానికి నామోషీ. నోటికి వచ్చింది అనేశాను. "మీరు మీలో మీరే పెళ్లిళ్లు చేసుకుంటారు కదమ్మా, అందుకు." పాప కూర్చుంది. మళ్లీ ఆ ఏడాదంతా నన్ను ఒక్క ప్రశ్న అడగలేదు.

నేను చెప్పింది ఎంత తప్పో చూడండి. దగ్గరి పెళ్లిళ్లు ఏ జబ్బు జన్యువునీ పుట్టించవు. ఇంట్లో ముందే దాగి ఉన్నదాన్ని రెండు వైపుల నుంచీ తెచ్చి ఒకే బిడ్డలో కలుపుతాయి, అంతే. పోనీ పల్లంలో మనమేమైనా తక్కువ తిన్నామా? అక్క కూతుర్ని మేనమామకి ఇచ్చేది ఎవరు, ఆస్తి బయటికి పోకూడదని మేనరికాలు కలుపుకునేది ఎవరు? మేనమామకీ మేనకోడలికీ జన్యువుల్లో సుమారు నాలుగో వంతు ఉమ్మడి. బావామరదళ్లకి ఎనిమిదో వంతు. మా ఇంట్లోనే రెండు మేనరికాలున్నాయి. అలాంటివాణ్ణి, ఆ కొండ పిల్లకి పెళ్లిళ్ల గురించి నీతి చెప్పాను. తన జాతిలోనే ఏదో లోపం ఉందన్నట్టు ఆ పాప విని ఉంటుంది. అనువంశికత ఒక్కటే చెప్పి ఆపేస్తే జరిగేది అదే. జబ్బు ఎలా దిగివస్తుందో పట్టిక చెప్తుంది. ఇక్కడే ఎందుకు ఉందో చెప్పదు. ఆ ఖాళీలోకి "మీ రక్తమే అంత" అన్న మాట ఎవరూ పిలవకుండానే వచ్చి కూర్చుంటుంది.

ఆ పాపకి చెప్పాల్సిన జవాబు దగ్గరికి వస్తాను. దానికి ముందు మా నాన్న పొలానికి వెళ్లాలి.

మా ఊరు నాగావళి ఒడ్డున. 1980ల్లో మా నాన్న ఫల్గుణ అనే వరి రకం వేసేవాడు. ఉల్లికోడుని తట్టుకుంటుందని దానికి పేరు. ఉల్లికోడు పేరు తెలియని మాస్టారు మన జిల్లాల్లో ఉండడు గానీ, చీల్చి చూసినవాళ్లు ఎంతమందో నాకు అనుమానమే. మామూలు పిలకలో మధ్య ఆకు రావాల్సిన చోట వెండిరంగు గొట్టం ఒకటి లేస్తుంది, అచ్చం ఉల్లికాడలా. లాగితే చేతికి వచ్చేస్తుంది. లోపల బోలు. మొదట్లో గోటితో చీలిస్తే బియ్యపు నూకంత పురుగు. ఇంకాస్త ముదిరిన గొట్టమైతే కొస దగ్గర చిన్న రంధ్రం, అందులోంచి సగం బయటికి వేలాడుతూ ఖాళీ తొడుగు. ఈగ అందులోంచి ఎగిరిపోయిందన్నమాట. అది దోమంత ఉంటుంది, పొట్ట ఎర్రగా. ఆ పిలక ఇక వెన్ను వేయదు.

కొన్నేళ్లు ఫల్గుణ చేలో గొట్టాలు కనబడలేదు. తర్వాత ఒక ఖరీఫ్‌లో కనబడ్డాయి. మరుసటేడు ఇంకా ఎక్కువ. నాన్న గట్టు మీద కూర్చుని ఒక గొట్టాన్ని వేళ్ల మధ్య నలుపుతూ అన్న మాట నాకు ఇప్పటికీ గుర్తు. "పురుగు నేర్చీసుకుందిరా. మనకంటే బుర్రున్నాది దానికి."

అప్పటికి నేను బీఎస్సీ చదివినవాణ్ణే. అవును నాన్నా అన్నాను! చదువుకున్న చదువు అక్కడ గట్టు మీద అక్కరకి రాలేదు.

ఏ పురుగూ నేర్చుకోలేదు. చేలో లక్షల ఈగలున్నాయి. గుంపులో అన్నీ ఒక్కలా ఉండవు, మన తరగతిలో పిల్లలు ఉండనట్టే. ఫల్గుణలో కోడుని అడ్డుకునే జన్యువు ఒకటుంది, దానికి జీఎం2 అని పేరు పెట్టారు. తలుపుకి తాళం అనుకోండి. లక్ష తాళంచెవుల్లో ఎక్కడో ఒకటి రెండు, ఎవరూ అరగదీయకుండానే, ఈ తాళానికి సరిపోయేవి ముందు నుంచీ ఉన్నాయి. మామూలు వరి ఉన్నంతకాలం వాటి ప్రత్యేకత ఎవరికీ తెలీదు. ఊరంతా ఫల్గుణ వేసేసరికి మిగతా పురుగులు చచ్చాయి. ఆ ఒకటి రెండు బతికి గుడ్లు పెట్టాయి. కోడు తరం మూడు నాలుగు వారాల్లో తిరిగిపోతుంది. కొన్ని సీజన్లు గడిచేసరికి చేలో మిగిలినవన్నీ వాటి పిల్లలే. వరి పరిశోధన పేపర్లలో ఉల్లికోడు నాలుగో బయోటైప్, అంటే ఏ వరిని గెలుస్తుందో దాన్ని బట్టి విడదీసిన పురుగు గుంపు, అని ఒకటి ఉంటుంది, దాని పక్కన శ్రీకాకుళం అని మన పేరు. డార్విన్ పాఠానికి గాలపాగోస్ దీవుల దాకా పిల్లల్ని తీసుకెళ్లడమెందుకు? ఆమదాలవలస బస్సెక్కితే చాలు.

"పురుగు నేర్చుకుంది" అన్నది లామార్క్ దారి, బతుకులో అలవాటు చేసుకున్నది పిల్లలకి దిగుతుందని. "నేర్చుకోలేదు, సరిపోయేది మిగిలింది" అన్నది డార్విన్ దారి. ఈ రెండు వాక్యాల మధ్య తేడా పట్టుకున్న పిల్లాడికి పరిణామం సగం వచ్చేసినట్టే. ఎందుకంటే ఈ పొరపాటు మన అందరి నోళ్లలోనూ ఉంది. "దోమలకి మందు అలవాటైపోయింది" అంటాం. "బాడీ యాంటీబయాటిక్‌కి అలవాటు పడిపోయింది" అంటాం. అలవాటు పడింది మన ఒళ్లు కానే కాదు. లోపలి బ్యాక్టీరియాలో తట్టుకోగలిగినవి మిగిలి, మిగతావి పోయి, గుంపు మారిపోయింది. మారేది గుంపు. ఈ ఒక్క ముక్క పుస్తకంలో లేకపోయినా చెప్పండి.

మొదటి పీరియడ్‌కి నా దగ్గర ఒక ఆట ఉంది. మధ్యాహ్న భోజనం వండే ఆయమ్మని అడిగి గుప్పెడు కందిపప్పు తెచ్చుకోండి. పెసలు మీరే ఇంటి నుంచి తెచ్చుకోవాలి. గ్రౌండ్‌లో పచ్చగడ్డి ఉన్నచోట రెండూ సమానంగా లెక్కపెట్టి చల్లండి. అయిదుగురు పిల్లలు కాకులు. అర నిమిషం పాటు, ఒక్కసారికి ఒక్క గింజ చొప్పున ఏరుతూ పోవాలి. ఏరినవి పక్కన పెట్టి, గడ్డిలో ఎన్ని మిగిలాయో లెక్క కట్టండి. పసుపువి ఎన్ని మిగిలితే అన్ని పసుపువి, పచ్చవి ఎన్ని మిగిలితే అన్ని పచ్చవి మళ్లీ చల్లండి, పిల్లలు పెట్టాయన్నమాట. మూడో ఆటకి గడ్డిలో పెసలే పెసలు. ఇప్పుడు అడగండి: ఏ కందిపప్పైనా పచ్చగా మారిందా? ఒక్కటీ మారలేదు. మరి గుంపు రంగు ఎలా మారింది? ఆ ప్రశ్న వేసి ఊరుకోండి, కాసేపు తిట్టుకుని వాళ్లే చెప్తారు. తర్వాత ఇదే ఆట ఎర్రమట్టి మీద ఆడించండి, తిరగబడుతుంది. మా ఆయమ్మ మాత్రం చివరిదాకా "పప్పులు పారబోసే పాఠమేటి మాస్టారూ" అంటూనే ఉండేది.

ఇప్పుడు పాప ప్రశ్నకి వస్తాను.

హిమోగ్లోబిన్‌లో బీటా గొలుసు అని ఒకటుంది, 146 అమైనో ఆమ్లాల గొలుసు. అందులో ఆరో పూస మారింది. గ్లుటామిక్ ఆమ్లం ఉండాల్సిన చోట వాలీన్. 146లో ఒక్కటి. రెండు జన్యువులూ అలాంటివే వస్తే ఎర్ర కణాలు కొడవలిలా వంగిపోతాయి, సన్న రక్తనాళాల్లో అడ్డం పడతాయి, 120 రోజులు బతకాల్సినవి 10, 20 రోజులకే చితికిపోతాయి. పాప తమ్ముడి నొప్పి అదే. ఒక్క జన్యువే మారితే మనిషికి మామూలుగా ఏ జబ్బూ లేదు. పైగా ఒక లాభం ఉంది. మలేరియా పరాన్నజీవి అలాంటి కణంలోకి దూరితే ఆ కణం వంగిపోతుంది, ప్లీహం దాన్ని పట్టి పారేస్తుంది. మలేరియా రాకుండా పోదు గానీ, ప్రాణం తీసేంత ముదరడం చాలా తగ్గుతుంది.

మన కొండల్లో మలేరియా అంటే ఫాల్సిపారం, మెదడుకి ఎక్కే రకం. మందుల్లేని రోజులు ఊహించుకోండి. రెండూ మామూలు జన్యువులున్న పసిపిల్లల్ని మలేరియా తీసుకుపోయేది. రెండూ మారిన జన్యువులున్నవాళ్లని ఈ జబ్బు తీసుకుపోయేది. మధ్యనున్న క్యారియర్లు బతికి పెద్దవాళ్లై పిల్లల్ని కన్నారు. మనం ఇప్పుడు జబ్బు అంటున్న జన్యువు వాళ్లకి తరతరాలుగా కాపలా కాసింది. అందుకే అది పోలేదు. కొండోళ్లు కావడం వల్ల వచ్చింది కాదది. ఆఫ్రికాలో మలేరియా ఉన్నచోట్ల ఉంది, అరబ్బు దేశాల్లో ఉంది, గ్రీసులో ఉంది, మధ్య భారతంలో ఉంది. జాతి వేరు, భాష వేరు, మలేరియా ఒక్కటే. మరి మలేరియా తగ్గితే జన్యువు పోవాలిగా అని తెలివైన పిల్లలు తప్పకుండా అడుగుతారు. పోతుంది, కానీ బహు నెమ్మదిగా. క్యారియర్లలో అది ఏ బాధా పెట్టకుండా దాక్కుని ఉంటుంది కాబట్టి దాన్ని ఏరేసే శక్తి దాని దగ్గరికి రాలేదు.

ఈ మాట ఆ రోజు నేను చెప్పగలిగి ఉంటే, "మీ తాత ముత్తాతల్ని బతికించిందే ఇది తల్లీ, ఇప్పుడు రెండు వైపుల నుంచీ కలిసి మీ తమ్ముణ్ణి బాధపెడుతోంది" అని ఉండేవాణ్ణి. ఆ పాప ఇంటికెళ్లి వాళ్లమ్మకి అదే చెప్పేది.

ఇందులో మన వైపు మనిషి ఒకాయన కూడా ఉన్నాడు, ఒక రకంగా. మలేరియా వల్లే ఇలాంటి రక్తపు జన్యువులు నిలబడి ఉంటాయని 1949లో, తలసీమియా అనే మరో రక్తపు జబ్బు విషయంలో, ముందుగా ఊహించింది జేబీఎస్ హాల్డేన్ అనే ఇంగ్లండ్ జన్యుశాస్త్రవేత్త. సికిల్ సెల్ సంగతి 1954లో ఆంథొనీ ఆలిసన్ తూర్పు ఆఫ్రికాలో చూపించాడు. హాల్డేన్ 1957లో ఇంగ్లండ్ వదిలేసి కలకత్తా వచ్చేశాడు, మన పౌరసత్వం తీసుకున్నాడు, 1964 డిసెంబరు 1న భువనేశ్వర్‌లో పోయాడు. ఆయన కోరుకున్నట్టే దేహాన్ని కాకినాడ రంగరాయ మెడికల్ కాలేజీకి ఇచ్చారు. పిఠాపురంలో పుట్టిన ద్రోణంరాజు కృష్ణారావు ఆయన శిష్యుడు, మన ఆంధ్రాలో మేనరికాల మీద పరిశోధన చేసినవాడు. భువనేశ్వర్‌కీ కాకినాడకీ మధ్యలో ఉన్నది మనం. ఆ మహానుభావుడి లెక్కలు పుట్టిన పాఠం మన పిల్లల పుస్తకంలోంచే పోయింది.

సికిల్ సెల్ నిర్మూలన మిషన్ 2023 జూలై 1న మొదలైంది. 40 ఏళ్ల లోపువాళ్లు ఏడు కోట్ల మందికి పరీక్షలు చేయాలనీ, 2047 నాటికి జబ్బు లేకుండా చేయాలనీ దాని లక్ష్యం. ఏజెన్సీలో పనిచేసేవాళ్లకి పిల్లలు కార్డులు పట్టుకుని వస్తారు. క్యారియర్ అని ఉంటే జబ్బు అనుకుని బెంబేలు పడతారు, పక్కవాళ్లు కంచం వేరు పెడతారు. అంటుకునేది కాదని గట్టిగా చెప్పండి. ఇద్దరు క్యారియర్లు పెళ్లికి ముందే ఆ సంగతి తెలుసుకుని డాక్టరుతో మాట్లాడుకుంటే మంచిదని చెప్పండి. ఇంకో మాట. "పెద్దోడికి వచ్చేసింది కాబట్టి తర్వాత ముగ్గురికీ రాదు, నాలుగింట ఒకటే కదా" అనుకునే తల్లిదండ్రుల్ని నేను చూశాను. ఆ తప్పు మన పట్టికదే. నాలుగు గళ్లు గీసి నలుగురు పిల్లలన్నట్టు చెప్తాం. ప్రతి కాన్పుకీ కొత్తగా బొమ్మా బొరుసూ వేసినట్టే అని, ఒక రూపాయి బిళ్ల ఎగరేసి చూపించండి.

లెక్కల మాట వచ్చింది కాబట్టి బఠానీ మొక్కలతో అనువంశికత లెక్క కట్టిన మెండెల్. మూడు పొడుగువాటికి ఒక పొట్టి, 3:1 అని పిల్లలు మంత్రంలా చదువుతారు. ఆయనకి వచ్చిన అసలు అంకెలు బోర్డు మీద రాయండి: పొడుగు మొక్కలు 787, పొట్టివి 277. భాగించమనండి. 2.84 వస్తుంది. "తప్పొచ్చింది మాస్టారూ" అంటారు. అక్కడ ఆగండి, అదే పాఠం. నాతో సహా మనం ఇన్నాళ్లూ ప్రాక్టికల్ రికార్డులో అచ్చంగా 75, 25 రాయించాం. రాగోలు పరిశోధన కేంద్రంలో ఆర్‌జీఎల్ 2537, అదే మన శ్రీకాకుళం సన్నాలు, అలాంటి వరి రకాలు తయారు చేసేవాళ్లు చేసే పని కూడా ఇదే. రెండు రకాలు కలపడం, పిల్లల్ని లెక్కపెట్టడం, ఏరడం. ఏరేది మనిషైతే దాన్ని బ్రీడింగ్ అంటాం. చేలో ఫల్గుణ కోడుని ఏరితే పరిణామం అంటాం.

ఒక పని మాత్రం చేయకండి, దయచేసి. నాలుక మడత ప్రాజెక్టు. నాలుక గొట్టంలా చుట్టగలిగితే బహిర్గత జన్యువు, చుట్టలేకపోతే అంతర్గతం అని మనం ఏళ్ల తరబడి ఇంటికి పంపి రాయించాం కదా. ఒక పిల్లాడు రాసుకొచ్చాడు: నాన్నకి రాదు, అమ్మకి రాదు, నాకు వస్తుంది. తరగతిలో ఎవడో వెనక నుంచి "ఒరే, నిన్ను సంతలో కొన్నార్రా" అన్నాడు. అందరూ నవ్వారు. వాడు రెండు రోజులు బడికి రాలేదు. వాళ్ల నాన్న వచ్చి హెచ్చెమ్ గది బయట నిలబడి, గొంతు తగ్గించి, "మాస్టారూ, ఈ లెక్క కరెక్టేనా?" అని నన్ను అడిగాడు. ఆ మొహం నేను మర్చిపోలేను.

లెక్క కరెక్టు కాదు. 1940లో దీన్ని అనువంశిక లక్షణంగా రాసిన జన్యుశాస్త్రవేత్త స్టర్టెవాంటే, ఒకే పోలిక కవలల్లో కూడా ఒకరికి వచ్చి ఒకరికి రాకపోవడం తేలాక, ఇది ఇంకా పుస్తకాల్లో ఉందని చూసి సిగ్గుపడుతున్నానని 1965లో ఒప్పుకున్నాడు. నేను అది చదివేసరికి నా సర్వీసు సగం అయిపోయింది. పిల్లల ఇళ్ల జోలికి వెళ్లకుండా జన్యువులు చెప్పడానికి బఠానీలు చాలు.

కోతి గొడవ గురించి కొంచెం. "మా తాత కోతా మాస్టారూ" అని తల్లిదండ్రులు వస్తారేమోనని భయపడేవాళ్లు మనలో ఉన్నారు. మన తెలుగులో దీనికి చక్కటి మాట ఉంది, దాయాది. చింపాంజీ మనకి తాత కాదు, దాయాది. అరవై డెబ్బై లక్షల ఏళ్ల కిందట ఇద్దరికీ ఉమ్మడి పూర్వీకులున్నారు, తర్వాత వేరుపడ్డాం. దాయాదుల ఇంటిపేరు గురించి తెలిసిన ఊళ్లో ఇది చెప్పడం కష్టమేం కాదు. కొందరు మాస్టార్లు గొడవెందుకని "దశావతారాల్లో మనవాళ్లు ముందే చెప్పారు" అని ముగించేస్తారు. భక్తి మీద నాకు పేచీ లేదు, మా ఇంట్లోనూ పూజ గది ఉంది. కానీ చేప తాబేలై, తాబేలు పందై, పంది మనిషయ్యే మెట్ల వరస పిల్లాడి తలలో పడితే, పరిణామం కొమ్మలు కొమ్మలుగా విడిపోతుందన్నది ఇక ఎక్కదు. కథని కథగా ఉంచండి.

ఇచ్ఛాపురం వైపు ఉన్నవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు, తేలుకుంచి ఊరి చెట్ల మీద మీ పాఠం గూళ్లు కట్టుకుని ఉంటుంది. అక్కడ గూళ్లు కట్టే, నత్తలు తినే కొంగకి ముక్కు మూసినా మధ్యలో సందు ఉంటుంది. కొంగ పిల్లలకి ఆ సందు ఉండదు, పెరిగాక వస్తుంది. నత్తలు పట్టీ పట్టీ అరిగిందా, పుట్టుకతోనే రాసిపెట్టి ఉందా? "పుట్టినప్పుడు లేదు కాబట్టి అరిగిందే" అని తరగతి మొత్తం అంటుంది. అప్పుడు పదో తరగతి మగపిల్లల మూతుల కేసి చూపించి, మీసం పుట్టినప్పుడు ఉందా అని అడగండి. నవ్వులయ్యాక, ఎలా తేలుద్దాం, ఏం చేసి చూస్తే తెలుస్తుంది అని అడగండి. జవాబు కంటే ఆ పీరియడ్ నాకు ఎక్కువ ఇష్టం.

రెండో పీరియడ్ పొలంలో అన్నాను కదా. నాట్లు ఆలస్యమై, మబ్బు పట్టి చినుకులు పడే రోజుల్లో, ఆగస్టు చివర నుంచి మన చేలల్లో గొట్టాలు కనబడతాయి. రైతుని ముందే అడిగి, పది మంది పిల్లల్ని గట్టు మీదికి తీసుకెళ్లి తలో పిలకా చీల్పించండి. హెచ్చెమ్ గారు పర్మిషన్ ఇవ్వకపోతే ఉదయం స్టడీ అవర్‌లో ఒక పిలకని కుండీలో పెట్టి తరగతికే తెచ్చేయండి. నా దగ్గర మంచి భూతద్దాలు రెండున్నాయి, ఖాళీ కూడా ఉంది. కబురు చేస్తే వస్తాను. రణస్థలం నుంచి పాలకొండ దాకా అయితే నా బండి మీదే వస్తాను, అంతకంటే దూరమైతే బస్టాండ్‌కి ఎవరైనా వచ్చి ఎక్కించుకోవాలి, మోకాళ్లు మునుపటిలా లేవు.

మీ
రిటైరైన బయాలజీ మాస్టారు
శ్రీకాకుళం